చేతి తూకం

చీకటి పక్షం, మొదటి రోజు

తిన్నది: సంగటి నాలుగు ముద్దలు, గోంగూర పప్పు. ఇన్సులిన్: నాలుగు యూనిట్లు. తిన్న రెండు గంటలకు షుగర్: 212.

ఇతర విషయాలు: డాక్టర్ ఎలీషా ఇచ్చిన ఈ కాగితంలో 'ఇతర విషయాలు' అన్న గడి రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. అందుకని వెనకవైపు రాస్తున్నాను. వైద్య కమిటీలో నన్ను ఎరగనివాళ్లు కూడా ఇది చదువుతారట, కాబట్టి ముందుగా చెప్పవలసినవి చెబుతాను.

నా పేరు ఓబుళమ్మ. భూమ్మీద ఉన్నన్నాళ్లు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. చంద్రుడి మీదికి వచ్చాక కూడా అదే పని. ఈ ఆరు సొరంగాల్లో ఏ త్రాసు మీదనైనా ముద్ర ఉందంటే అది నేను వేసినదే.

పుడమి నా కొడుకు కూతురు. తొమ్మిదేళ్లది. ఈ సొరంగంలోనే పుట్టింది. ఆరో ఏట దాని ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. నా కొడుకూ కోడలూ ధ్రువం దగ్గర మంచు గనిలో పనిచేస్తారు, వెలుగు పక్షంలో మాత్రమే ఇంటికి వస్తారు. కనుక పిల్ల తిండి, పిల్ల సూది, పిల్ల లెక్క మూడూ నావి.

ఆ లెక్క ఇప్పుడు సరిగా లేదు. వెలుగు పక్షంలో పుడమి షుగర్ 140 దగ్గర బుద్ధిగా ఉంటుంది. చీకటి పక్షం రాగానే 200 దాటుతుంది. వరసగా మూడు చీకట్ల నుంచి ఇదే జరుగుతోంది. ఈ పక్షం సగటు కూడా 180 దాటితే పిల్లను నడి సొరంగం వార్డుకు పంపాలని కమిటీ నిర్ణయం. పన్నెండేళ్లు నిండేదాకా అక్కడే ఉండాలి. అక్కడ పిల్లలకు గొట్టాల్లో నింపిన జావ కొలిచి ఇస్తారు, పక్షానికి ఒకసారి కిటికీలోంచి చూడనిస్తారు. ఈ నియమాన్ని నేను తప్పుపట్టను. పోయిన ఏడాది ఐదో వరస గదుల్లో ఒక బిడ్డ చీకటి పక్షంలోనే పోయింది. ఆ తర్వాతే ఈ నియమం వచ్చింది. తప్పుపట్టను, కానీ పిల్లను ఇవ్వను.

మా చీకటి పద్ధతి కూడా రాయాలి. పద్నాలుగు రోజులు ఎండ ఉండదు కనుక నీళ్లు శుద్ధి చేసే యంత్రం ఆగిపోతుంది. ఉన్న కరెంటు పంట మడుల దీపాలకే చాలదు. పళ్ళేలు కడిగే నీళ్లు లేక, వరసకొక గిన్నెలో సంగటి కెలికి, పిల్లలను బంతిగా నిలబెట్టి, ఒకరు ముద్దలు చేసి అరచేతిలో పెడతారు. ముద్దకు బొటనవేలితో గుంట చేసి అందులో పప్పు పోస్తారు. మా వరసలో ముద్దలు పెట్టేది నేను. పిల్లలకు నా ముద్ద యాభై గ్రాములు. అందులో పిండిపదార్థం పన్నెండు గ్రాములు. పుడమికి ఆ పన్నెండు గ్రాములకు ఒక యూనిట్ ఇన్సులిన్. ముద్దకో యూనిట్, అంతే.

చేతి తూకం ఏమిటి అని కమిటీవారు నవ్వవచ్చు. ప్రతి పక్షం మొదటి రోజున, పిల్లలు బడి నుంచి రాకముందే, పది ముద్దలు చేసి త్రాసులో వేసి చూసుకుంటాను. ఈ రోజూ చూశాను. ఒక్కటి నలభై తొమ్మిది, తక్కినవన్నీ యాభై.

గిన్నె కూడా తూచి దించుతాను. ఎనిమిది మంది పిల్లలు, ముగ్గురు పెద్దలం. ఆఖరున అడుగున మిగిలినది నాది. గిన్నె ఖాళీ అయింది. లెక్క సరిపోయింది.

చీకటి పక్షం, రెండో రోజు

తిన్నది: ముందుగా ఒక గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు, తర్వాత సంగటి నాలుగు ముద్దలు. యూనిట్లు నాలుగు. షుగర్: 208.

ఇతర విషయాలు: గుగ్గిళ్ళూ ఆకుకూరా ముందు కడుపులో పడితే, వెనక వచ్చే సంగటి నెమ్మదిగా అరుగుతుందని డాక్టరు చెప్పారు. తిన్నాక నడిపించమన్నారు. నడిపించాను. దీనికి నడవడం రాదు. ఒక్క గెంతు వేస్తే సొరంగం కప్పు అందుకుంటుంది.

"నడువు పాపా, ఎగరాకు."

"నడిస్తే అరగదు జేజీ. ఎగిరితే బిరీన అరుగుతాది."

"ఎవరు చెప్పినారు?"

"నేనే కనిపెట్న్యా."

నాలుగు పాయింట్లే తగ్గింది.

చీకటి పక్షం, మూడో రోజు

తిన్నది: గుగ్గిళ్ళు, సంగటి మూడు ముద్దలు, బచ్చలికూర పప్పు. యూనిట్లు మూడు. షుగర్: 231.

ఇతర విషయాలు: పిండిపదార్థం తగ్గించడమే మార్గమని నాలుగో ముద్ద తీసేశాను. ముద్ద తగ్గింది కనుక యూనిట్ కూడా తగ్గించాను. మూడోది తిన్నాక పుడమి అక్కడే నిలబడి అరచెయ్యి చాపింది.

"ఇంగొకటి జేజీ."

"మూడే."

"నిన్న నాలుగు పెట్టినావే."

"నిన్నటి మాట నిన్నటిది. కదులు, ఎనక పిల్లోళ్లు ఉండారు."

"నాగేసుకు నాలుగు పెట్టినావు. వాడు నాకన్నా పొట్టోడు."

"వాని ఒంట్లో మందు దానంతట అదే ఊరుతాది. నీకు నేను పొడవాల."

డాక్టరు గది గోడ మీద ఇన్సులిన్ ఊరే అవయవం బొమ్మ ఉంది, అది పిల్లకు గుర్తుంది.

"అయితే నా క్లోమం నువ్వేనా జేజీ?"

"అవును. నోరు మూసుకోని పో."

"నా క్లోమం నన్ను తిడ్తాంది" అని వరసంతా వినబడేటట్టు చెప్పుకుంటూ పోయింది.

నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. ఒక ముద్ద తగ్గించినా షుగర్ పెరిగింది, అది ఎలా? సంగటి కెలికే మస్తాన్‌బీని అడిగాను. పక్క గదిలో ఉంటుంది, నా తర్వాత ముద్దలు పెట్టడం వచ్చినది ఆమె ఒక్కతే. పాళ్లు మార్చలేదని చెప్పింది. ఆమె మాట నమ్మదగినది.

చీకటి పక్షం, నాలుగో రోజు

తిన్నది: అదే. యూనిట్లు మూడు. షుగర్: 240.

ఇతర విషయాలు: ఇంట్లో దొంగతిండి ఉందన్న అనుమానంతో సోదా చేశాను. ముందు పుడమి సంచి, తర్వాత మా ఆయన దీపాల పనిముట్ల పెట్టె. ఆయన పేరు తిప్పన్న. పంట మడుల దీపాలు బాగుచేస్తారు, తీపి కనబడితే ఆగలేరు. ఆయన షుగర్ మటుకు ఏనాడూ 110 దాటలేదు. ఇది న్యాయం కాదు, కానీ లెక్కలో ఉంది కనుక రాస్తున్నాను.

"బిడ్డకేమన్నా పెడతాండారా, చాటుగా?"

"నేనా? బల్బులు పెడ్తానా తినేకి?"

"బెల్లం?"

"నేనొచ్చిన రాకెట్లోనే బెల్లం అయిపాయె. ఇరవై ఏండ్లాయె."

"గ్లూకోజు బిళ్లలు రెండు తగ్గినాయి."

ఆయన దీపం గాజు తుడవడం మొదలుపెట్టారు. అప్పటికే తుడిచిన గాజు అది.

"ఒగటి ఏసుకున్యా" అన్నారు చివరికి. "బాగుండాది. ఇంగొకటి ఏసుకున్యా."

షుగర్ బాగా పడిపోయినప్పుడు పుడమికి వెంటనే వేయడానికి ఉంచిన బిళ్లలవి. ఆ డబ్బా తీసుకుని నా నడుము తాడుకు కట్టుకున్నాను. పిల్ల ఎప్పుడూ నా పక్కనే ఉంటుంది కనుక డబ్బా నా దగ్గర ఉండడమే క్షేమం. తాడు ఇంకొక ముడి లోపలికి బిగించవలసి వచ్చింది. వయసు మీద పడుతుంటే ఒళ్లు తగ్గడం మామూలే.

పుడమిని కూడా అడిగాను, దొంగతనంగా ఏమైనా తింటున్నావా అని.

"తింటే నీకు చెప్పకుండా ఉంటానా?" అంది. తర్వాత పడుకునేదాకా నాతో మాట్లాడలేదు. సూదికి మాత్రం చెయ్యి ఇచ్చింది.

చీకటి పక్షం, ఐదో రోజు

తిన్నది: గుగ్గిళ్ళు, కొర్ర వేసిన సంగటి మూడు ముద్దలు. యూనిట్లు మూడు. షుగర్: 226.

ఇతర విషయాలు: పిల్ల మీద అనుమానం వదిలేసి గింజ మీదికి వచ్చాను. సంగటిలో రాగిపిండితో పాటు బియ్యం నూక పడుతుంది. నూక తీసేసి కొర్రలు వేయించాను. కొర్ర కొంచెం నెమ్మదిగా అరుగుతుంది. సంగటి మాత్రం బిగిసింది. మస్తాన్‌బీ తెడ్డుతో రెండు చేతులా కెలికింది.

"ఓబుళక్కా, ఇది సంగటి గాదు, సొరంగం గోడకు పూసే మట్టి."

"బిడ్డకు మంచిది."

"ఒగ బిడ్డకు మంచిది. ఏడుగురు నన్ను తిడ్తాండారు."

పుడమి మూడు ముద్దలూ తిని అరచెయ్యి చాపలేదు. చాపితే తిట్టేదాన్ని. చాపనందుకు ఏమి చేయాలో తోచలేదు.

చీకటి పక్షం, ఆరో రోజు

షుగర్: 219. డాక్టర్ ఎలీషా వచ్చారు. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి, పగలూ రాత్రీ లేకుండా ఆరు సొరంగాలూ తిరుగుతారు. కాగితం ముందూ వెనకా చదివారు.

"బాగా రాస్తున్నారమ్మా" అన్నారు.

"చక్కగా రాసినంత మాత్రాన షుగర్ దిగదు నాయనా. ఏం చేయమంటావు?"

"చీకట్లో కొందరి ఒళ్లు ఇన్సులిన్‌కు సరిగ్గా లొంగదు. ఆ మూడు ముద్దలకే నాలుగు యూనిట్లు ఇయ్యండి."

"కారణం తెలియకుండా మందు పెంచడమా?"

"కారణం వెతుకుతా కూర్చుంటే పక్షం అయిపోతాదమ్మా. పాపను మీ దగ్గరే ఉంచాలని నాక్కూడా ఉంది."

ఆయన మాటలో ఆఖరి వాక్యం నాకు నచ్చింది. నాలుగు యూనిట్లకు ఒప్పుకున్నాను.

చీకటి పక్షం, ఏడో రోజు

మూడు ముద్దలు. నాలుగు యూనిట్లు. షుగర్: 158.

డాక్టరు గెలిచారు. పుడమి కప్పు అందుకునేదాకా ఎగిరింది. వద్దనలేదు.

చీకటి పక్షం, ఎనిమిదో రోజు

తిన్నది: సంగటి మూడు ముద్దలు. యూనిట్లు నాలుగు. షుగర్: 46.

ఇతర విషయాలు: నలభై ఆరు. రాసినది తప్పు కాదు.

ఈ రోజు నాకు రెండో సొరంగంలో పని పడింది. ధాన్యం గిడ్డంగి త్రాసులు ఏడాదికొకసారి సరిచూసి ముద్ర వేయాలి. మధ్యాహ్నం బంతికి అందుకోలేనని ముందే తెలిసి, మందు నాలుగు యూనిట్లు అని మా ఆయనకు రెండుసార్లు చెప్పి, ముద్దలు మస్తాన్‌బీని పెట్టమన్నాను. అన్నీ చెప్పాను. నడుముకు కట్టుకున్న డబ్బా మాత్రం విప్పి ఇవ్వలేదు. అది నా ఒంటి మీద ఉందన్న సంగతే మరిచిపోయాను.

తిరిగి వచ్చేసరికి పుడమి దీపాల పెట్టెకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది, జుట్టు చెమటతో నుదుటికి అంటుకుంది. నన్ను చూసి, "కప్పు కిందకొస్తాంది జేజీ" అంది. మా ఆయన దాని బుగ్గ లోపల ఏదో రాస్తున్నారు. మస్తాన్‌బీ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, "మింగు బంగారూ, మింగు" అంటోంది.

నడుము తాడు ముడి బిగిసిపోయి విడలేదు. తాడు తెంపేశాను. అప్పటికి పిల్ల రెండోసారి మింగింది.

పావుగంటకు 71. అరగంటకు 104. అప్పుడు నేను కూర్చున్నాను.

"ఏం పెట్టినారు నోట్లో?" అని అడిగాను మా ఆయనను.

"బెల్లం."

"యాడిది?"

ఆయన దీపాల పెట్టె అడుగు అర పైకి తీశారు. గుడ్డలో చుట్టిన ముక్క, బొటనవేలంత. సోదాలో ఆ అర నాకు కనబడలేదు.

"రాకెట్లోనే అయిపోయిందంటిరి."

"కొంచెం మిగిలింది" అన్నారు. "నెలకొకసారి వాసన చూస్తా. తినను."

ఇరవై ఏళ్ల క్రితం భూమి నుంచి తెచ్చుకున్న బెల్లం. మిగిలిన ముక్కను గుడ్డలో చుట్టి, ఆయన పెట్టెలోనే, పైఅరలో, అందరికీ అందేచోట పెట్టాను.

డాక్టరు పరుగున వచ్చి చూసి, మందు మళ్లీ మూడు యూనిట్లకు దించారు. ఎందుకు పడిపోయిందో తనకు తెలియడం లేదని ఒప్పుకున్నారు.

చీకటి పక్షం, తొమ్మిదో రోజు

తిన్నది: సంగటి మూడు ముద్దలు, త్రాసులో తూచినవి. యూనిట్లు మూడు. షుగర్: 152.

ఇతర విషయాలు: వివరంగా రాస్తాను.

ఏడో రోజుకూ ఎనిమిదో రోజుకూ మధ్య ఏమేమి మారిందో పొద్దున్నే లెక్క వేశాను. సంగటి అదే, మూడు ముద్దలే, నాలుగు యూనిట్లే. మారినది ముద్ద చేసిన చెయ్యి ఒక్కటే. కనుక తప్పు మస్తాన్‌బీదని తేల్చి ఆమె గదికి వెళ్లాను.

"నిన్న నీ ముద్దలు చిన్నవయినాయి మస్తాన్‌బీ."

ఆమె చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "నాకు ముద్ద నేర్పింది ఎవురు?"

"నేనే."

"అయితే తూచుకో పో."

త్రాసు తెచ్చాను. ఇది రెండు పళ్ళేల త్రాసు. ఇక్కడ బరువులన్నీ భూమ్మీద ఉన్నదానిలో ఆరో వంతుకు పడిపోయినా, రెండు పళ్ళేలకూ ఒకేలా పడిపోతాయి కనుక ఇది అబద్ధం చెప్పదు. మధ్యాహ్నం గిన్నె దిగగానే మస్తాన్‌బీ ఐదు ముద్దలు చేసింది. యాభై, యాభై ఒకటి, నలభై తొమ్మిది, యాభై, యాభై.

"ఇంగ నువ్వు చెయ్యి" అంది.

నేనూ ఐదు చేశాను. అన్నీ యాభై. ఇద్దరం త్రాసును చూస్తూ నిలబడ్డాం. పిల్లలు ఆకలితో గోల చేస్తున్నారు.

అప్పుడు మా ఆయన వెనక నుంచి అన్నారు, "అట్లగాదు. పాపను నిలబెట్టి చెయ్యి."

"పాప నిలబడితే ఏమి, కూర్చుంటే ఏమి?"

"చేసి సూడు."

పిల్లలు బంతిగా నిలబడ్డారు. ప్రతి ముద్దా చేతిలో పెట్టే ముందు త్రాసులో వేయమన్నాను. నాగేశుది యాభై. వాడి చెల్లెలిది యాభై. మూడోవాడిది నలభై తొమ్మిది. పుడమి వచ్చి అరచెయ్యి చాపింది. నిన్న మస్తాన్‌బీ పట్టుకుని కూర్చున్న చెయ్యి అది, చూడకుండా ఉండలేకపోయాను. చెయ్యి తడుపుకుని, సంగటి తీసి, గుండ్రంగా చేసి, గుంట నొక్కి, త్రాసులో వేశాను.

పళ్ళెం నేలకు తగిలింది. అరవై ఏడు.

"పొరపాటు" అన్నాను. ఆ ముద్ద గిన్నెలో కలిపేసి ఇంకొకటి చేశాను. ఈసారి కావాలనే చిన్నది చేశాననుకున్నాను. అరవై ఐదు.

మూడోసారి కళ్లు మూసుకుని చేశాను. అరవై ఆరు.

బంతిలోంచి నాగేశు, "నాకు రోజూ మోసం" అన్నాడు. మస్తాన్‌బీ వాడి నెత్తి మీద ఒకటి వేసింది.

లెక్క నా ముందే ఉంది, చేయకుండా ఎలా ఉండగలను? అరవై ఆరు చొప్పున మూడు ముద్దలంటే దాదాపు రెండు వందల గ్రాములు. సరైన ముద్దలు నాలుగు. నాలుగు పెట్టిన రోజుల్లోనూ, పోయిన చీకట్లలోనూ దాని ముద్దలు యాభై దాటే ఉంటాయి. మూడో రోజున నేను నాలుగో ముద్ద తీసేశాను. నా చెయ్యి దాన్ని ఆ మూడింటిలోనే సర్దింది. నేను మందు మూడింటికి ఇచ్చాను, చెయ్యి నాలుగు తినిపించింది. షుగర్ పెరిగింది. డాక్టరు మందు నాలుగుకు పెంచారు, అది నా చేతి లెక్కకు సరిపోయింది. నిన్న మస్తాన్‌బీ నిజమైన మూడు పెట్టింది. ఎక్కువైన ఆ ఒక్క యూనిట్ పిల్లను నేల మీద కూర్చోబెట్టింది. వెలుగు పక్షంలో పళ్ళెం తూచి పెడతాను కనుక అప్పుడు బాగుంటుంది. చీకటిది ఏ తప్పూ లేదు.

మరి గిన్నె లెక్క రోజూ ఎలా సరిపోయింది? ఎనిమిది మందికీ ఇద్దరు పెద్దలకూ పెట్టాక అడుగున మిగిలినది నేను తింటాను. దాన్ని ఏనాడూ తూచలేదు. పుడమికి ఎక్కువైనదంతా అక్కడ తగ్గుతూ వచ్చింది. నడుము తాడు ముడులు ఎందుకు లోపలికి పోతున్నాయో కూడా తెలిసింది.

ఇంటికి వచ్చాక మా ఆయనను అడిగాను.

"మీకు ముందే తెలుసా?"

"తెల్సు. బో దినాల నుంచి సూస్తానే ఉండా."

"మరి చెప్పలేదే?"

"నీకు తెల్సే పెడ్తాండావేమో అనుకున్యా" అన్నారు. "నీ లెక్క తప్పుతాదని ఎట్లనుకుంటా?"

త్రాసు పళ్ళేన్ని బొటనవేలితో నొక్కే వ్యాపారులకు ముప్పై ఏళ్లు జరిమానాలు వేశాను. నొక్కుతున్న సంగతి తమకే తెలియదని ఒకరిద్దరు ఏడ్చారు. వాళ్లను నమ్మలేదు.

చీకటి పక్షం, పదో రోజు

తిన్నది: మూడు ముద్దలు, తూచినవి. ఆలస్యంగా. యూనిట్లు మూడు. షుగర్: 148.

ఇతర విషయాలు: ఇకమీదట మా వరసలో ముద్దలు మస్తాన్‌బీ పెడుతుందని ప్రకటించి, గిన్నె ఆమె ముందుకు జరిపి, నేను బంతి చివర నిలబడ్డాను. పుడమి తన వంతు రాగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"చెయ్యి చాపమ్మా" అంది మస్తాన్‌బీ.

"నాకు జేజి పెట్టాల."

"జేజి చెయ్యి తప్పు తూకం" అన్నాను. "సీలు వేసినాం. పనికిరాదు."

"నాకు పనికొస్తాది."

"ఆ చెయ్యి నిన్ను వార్డుకు పంపుతాది పాపా. గొట్టాల్లో జావ తాగాల్సొస్తాది. తెలుసునా?"

"తెల్సు." కళ్లలో నీళ్లు తిరిగినా గొంతు మారలేదు. ఈ మొండితనం వాళ్ల తాతది కాదు. "నువ్వు పెట్టు, నేను తూస్తా. ఎక్కువైతే నేను తీసేస్తా. నా క్లోమం సరిగ్గా పనిచెయ్యకపోతే నేనే గదా సూసుకోవాల?"

మస్తాన్‌బీ తల తిప్పుకుంది. నవ్విందో, కళ్లు తుడుచుకుందో నాకు కనబడలేదు. గిన్నె మళ్లీ నా ముందుకు తోసింది.

త్రాసు మధ్యలో పెట్టాం. ఒక పళ్ళెంలో యాభై గ్రాముల రాయి. నేను ముద్ద చేసి రెండో పళ్ళెంలో పెట్టాను. పళ్ళెం దిగింది. పుడమి నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి, ముద్ద అంచు నుంచి కొంచెం గిల్లింది. ఇంకొంచెం గిల్లింది. ముల్లు మధ్యకు వచ్చింది. చేతిలో మిగిలిన సంగటి ఏమి చేయాలో తెలియక చుట్టూ చూసింది.

"గిన్నెలో వెయ్యి" అన్నాను.

వేయలేదు. మునివేళ్ల మీద లేచి నా నోటి దగ్గర పెట్టింది.

"ఇది నీది గదా" అంది.

చీకటి పక్షం, పదకొండో రోజు

షుగర్: 139. మిగులు మూడు ముద్దల మీద నలభై ఎనిమిది గ్రాములు. నా చెయ్యి ఈ రోజు కూడా దిద్దుకోలేదు. ప్రయత్నించాను.

చీకటి పక్షం, పన్నెండో రోజు

షుగర్: 144. కొర్రలు తీసేసి మళ్లీ నూక వేయించాను. ఏడుగురు పిల్లలు మస్తాన్‌బీని మెచ్చుకున్నారు. గుగ్గిళ్ళు మాత్రం ముందుగా అందరికీ పెట్టాం. మంచి అలవాటు.

నాగేశు కూడా తన ముద్ద తూచమన్నాడు. నలభై తొమ్మిది వచ్చింది. ఒక్క గ్రాము కోసం బంతి ఆపాడు. ఇచ్చాను.

చీకటి పక్షం, పద్నాలుగో రోజు

నిన్న షుగర్ 150, ఈ రోజు 141. పక్షం ముగిసింది. సగటు తీశాను.

పద్నాలుగు రోజులూ కలిపితే 172. కమిటీ గీత 180 కన్నా తక్కువ. పిల్ల నా దగ్గరే ఉంటుంది.

కానీ ఆ పద్నాలుగు అంకెల్లో ఒకటి 46. అది మంచి రోజు కాదు, అన్నిటికన్నా చెడ్డ రోజు. పిల్ల స్పృహ తప్పబోయిన రోజును చూపించి సగటు తగ్గిందని చెప్పుకోవడం, రాయి కింద తడిగుడ్డ పెట్టి తూచడం వంటిది. అది తీసేసి మళ్లీ లెక్క వేశాను. పదమూడు రోజుల సగటు 182.

మా ఆయన భుజం మీదుగా చూస్తున్నారు.

"రెండే గదా ఎక్కువ. ఏది రాస్తావు?"

"మీరేమంటారు?"

"నన్నడిగితే తక్కువదే రాయమంటా. అది మనకు తెలీదా?" కాగితం నా వైపు జరిపి, "నువ్వు రాయవులే" అన్నారు. రెండు బల్బులు తీసుకుని పనికి పోయారు. పోతూ పోతూ నిద్రపోతున్న పిల్ల దుప్పటి సర్దారు.

కమిటీకి: పై రెండు అంకెల్లో 182 సరైనది. మొదటి ఏడు రోజుల తప్పు పుడమిది కాదు, మందుది కాదు, చీకటిది కాదు. నా కుడిచేతిది. తప్పు దొరికాక వచ్చిన ఆరు రోజుల సగటు 146. ఇందులో దాచినది ఏమీ లేదు.

ఓబుళమ్మ (సంతకం)

వెలుగు పక్షం, మొదటి రోజు

సొరంగం నోటి దగ్గర అద్దంలోకి ఎండ వచ్చింది. యంత్రం వేడెక్కి పళ్ళేలకు నీళ్లు రావడానికి ఇంకొక రోజు పడుతుంది కనుక ఈ మధ్యాహ్నం కూడా బంతే.

డాక్టర్ ఎలీషా బంతి వేళకే వచ్చారు. చేతిలో నా కాగితాలు ఉన్నాయి. నేను ముద్దలు పెడుతూనే ఉన్నాను. ఆయన పిల్లల వెనక నిలబడి చూశారు. నా ముద్ద, పళ్ళెం దిగడం, పుడమి ఒక కన్ను మూయడం, గిల్లడం, నాకు తినిపించడం, మళ్లీ చెయ్యి చాపడం, మూడు సార్లు చూశారు.

"రోజూ ఇంతేనా అమ్మా?"

"రోజూ ఇంతే."

"మీ చెయ్యి ఇంకా తప్పుతానే ఉందా?"

"దిద్దుకోవడం లేదు నాయనా. నా చేత కావడం లేదు."

ఆయన కాగితాల మొదటి పేజీ తీసి, వార్డుకు పంపాలన్న వాక్యం మీద అడ్డంగా గీత గీశారు.

"కారణం తెల్సిన దానికి పాపను తీసకపోయి నేనేం జేస్తాను? 182 అని మీరే రాసినాక పాపను పంపాలని కమిటీలో ఎవరూ నోరెత్తలేదు. వచ్చే చీకటికి కూడా ఇట్లే తూచండి. ఇట్లే రాయండి." కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగారు, "నాకొక ముద్ద దొరుకుతాదా? పొద్దున్నుంచి ఏం తినలేదు."

పెట్టాను. పుడమి దాన్ని కూడా త్రాసులో వేసింది. పెద్దవాళ్ల ముద్ద నూరు గ్రాములు. నూరే వచ్చింది.

"డాక్టరుకు సరిగ్గా పెట్టినావు జేజీ" అంది, కొంచెం గర్వంగా.

తిన్నది: గుగ్గిళ్ళు, సంగటి మూడు ముద్దలు, గోంగూర పప్పు. యూనిట్లు మూడు. షుగర్: 143.

మిగులు: పద్దెనిమిది, పదిహేడు, పదిహేను గ్రాములు. మూడూ నేనే తిన్నాను. లెక్క సరిపోయింది.